ముప్పై మూడో మాట

కామేశం ముప్పై రెండు మాటలు పట్టాడు. ఇంగ్లీషులో "డై" అన్నది మూడక్షరాల మాట. దానికి తెలుగులో ముప్పై రెండు!

భీమునిపట్నంలో నరహరి మాస్టారు ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కూరుస్తున్న రోజులవి. మాస్టారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయిన ఒంటరి మనిషి. కామేశం సాలూరు నుంచి వచ్చి ఆయన ఇంట్లోనే ఉంటూ, ఇద్దరికీ వంట చేస్తూ, ఆ పని నేర్చుకుంటున్నాడు. ఆరేళ్లకి డి అక్షరం దాకా వచ్చారు.

"ఒక్కటి కూడా మిగల్లేదు మాస్టారూ," అని చీటీ చేతికిచ్చాడు కామేశం. "పెద్దవాళ్లయితే కాలం చేశారు. వైష్ణవులు పరమపదించారు. శైవులు శివైక్యం చెందారు. యుద్ధంలో అయితే నేలకొరిగాడు. పసిబిడ్డయితే దక్కలేదు అంటాం. గిట్టనివాడయితే గుటుక్కుమన్నాడు. దేనికది వేరు, ఒకటి వాడేచోట ఇంకోటి నప్పదు. రేపే అచ్చుకి పంపించేద్దామా?"

మాస్టారు చీటీ అంతా చదివారు. గుటుక్కుమన్నాడు దగ్గర నవ్వారు.

"ఉండనీ. చూద్దాం," అన్నారు.

ఆ ఊళ్లో నిఘంటువు సంగతి పదిమందికి కూడా తెలీదు. మాస్టారంటే టెలిగ్రాం చదివిపెట్టే ఆయన, అంతే. ఊళ్లో సగం ఇళ్ల మగవాళ్లు రంగూన్లో కూలికి ఉండేవారు. అక్కణ్ణుంచి టెలిగ్రాం వచ్చిందంటే శుభం అయి ఉండదు. ఆ కాగితం పట్టుకుని వణుకుతూ మాస్టారి అరుగు దగ్గరికొచ్చేవారు.

ఆయన కాగితం తీసుకుని, చూసి, మడిచి పెట్టి, "అన్నం తిన్నావా?" అని అడిగేవారు. లేదంటే లోపలికెళ్లి ఆకు, అన్నం తెచ్చి అరుగు మీద దగ్గరుండి పెట్టేవారు. కులం గోత్రం చూడకుండా పెడుతున్నాడని వీధిలో గొణుక్కున్నవాళ్లూ ఉన్నారు. తిన్నాకే కబురు. కామేశానికి మాత్రం ఇది పెద్దాయన నాన్చుడులా కనపడేది. పైగా ఆ అన్నం వండేది తనే కదా, మళ్లీ ఎసరు పెట్టుకోవాల్సొచ్చేది.

ఒకరోజు మాస్టారు అచ్చాఫీసు పని మీద విశాఖపట్నం వెళ్లారు. మధ్యాహ్నం పైడమ్మ వచ్చింది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. గంప నెత్తిమీదే ఉంది. టెలిగ్రాం కొంగున ముడేసుకుని ఉంది.

"మేస్టారు నేరా బాబూ? పోనీ నువ్వు సదివీ. మా ఎర్రయ్య ఎప్పుడొత్తాడంతాడో సూడు."

కామేశం చదివాడు. ఎర్రయ్య రేవులో బస్తాల కింద నలిగి చనిపోయాడని ఉంది. కామేశం గుండె ఝల్లుమంది. అది నిజమే. కానీ ఆ వెంటనే, అప్పుడు కూడా, మనసు మాటల్ని వెతుక్కోవడం మొదలెట్టింది. అన్నిట్లోకీ మెత్తనిది ఒకటి దొరికింది.

"పైడమ్మా, నీ పెనిమిటి కన్నుమూశాడు," అన్నాడు.

ఆమె ఏడవలేదు. గంప కూడా దించలేదు. వాడి మొహంలోకే చూస్తూ నిలబడింది.

"మరోపాలి సెప్పు బాబూ."

మాట అర్థం కాలేదేమో అనుకున్నాడు కామేశం. ఎంత చదివితే ఏం లాభం!

"అంటే... కాలం చేశాడు."

"మరోపాలి సెప్పు."

"చనిపోయాడు పైడమ్మా."

ముచ్చటగా మూడు మాటలు చెప్పాడు. మూడోది విని ఆమె నిలువునా కూలిపోయింది. గంప బోర్లాపడి చేపలు వీధంతా చెల్లాచెదురయ్యాయి. కామేశం కొయ్యబారిపోయాడు. పక్కిళ్లవాళ్లు పరిగెత్తుకొచ్చి నీళ్లు చల్లి, ఆమెని ఇంటికి మోసుకెళ్లారు.

చావు కబురు విన్న ఇంట పొయ్యి వెలగదు. పైడమ్మ నాలుగు రోజులు మంచినీళ్లు కూడా ముట్టలేదని తెలిసింది. ఒళ్లో చంటిపిల్లకి పాలు లేకుండా పోతే, పక్కింటి బాలింత తన పాలు పట్టిందట.

అయిదో రోజు మాస్టారు తిరిగొచ్చాక కామేశం అంతా చెప్పాడు. ఆయన ఒకటే అడిగారు.

"అప్పటికి ఆవిడ ఏమైనా తిన్నదా?"

"నేను అడగలేదు మాస్టారూ. కానీ మాట మాత్రం మెత్తగానే వాడాను. కన్నుమూశాడు అన్నాను."

మాస్టారు తనే వెళ్లి గంజి కాచి, ఉప్పేసి, చెంబు పట్టుకుని పైడమ్మ ఇంటికి బయల్దేరారు. తిరిగొచ్చి, చీటీ కామేశం చేతిలో పెట్టారు.

"ఇందులో ఒకటి తక్కువైంది," అన్నారు.

ఆ రోజు నుంచి కామేశానికి నిద్ర లేదు. ముప్పై మూడోది ఏమిటి? ఊళ్లో పండితుల ఇళ్లన్నీ తిరిగాడు. తాళపత్రాలు దులిపాడు. పంచత్వం తెచ్చాడు, కాలధర్మం తెచ్చాడు, నూకలు చెల్లాయి తెచ్చాడు. మాస్టారు అన్నిటికీ తల అడ్డంగా ఊపారు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే, కానీ చంక చూసుకొమ్మని చెప్తే వినే వయసు కాదు వాడిది.

ఆ నెలలోనే సాలూరు నుంచి కార్డు వచ్చింది. బావ రాశాడు. అమ్మకి ఒంట్లో బాగులేదు, నిన్నే తలుస్తోంది, ఓసారి వచ్చి వెళ్లు అని.

"ముందు ఊరెళ్లిరా," అన్నారు మాస్టారు. "మాట ఎక్కడికీ పోదు."

"పనంతా దాని దగ్గరే ఆగిపోయింది కదా మాస్టారూ. దొరగ్గానే వెళ్తాను. అమ్మకి జ్వరం అలవాటే, ప్రతి వానాకాలం వస్తుంది."

అలాగే జవాబు రాసి పడేశాడు. ఇంకో కార్డు వచ్చింది. దానికీ అదే జవాబు.

ఒక ఉదయం ఏదో పాత పుస్తకం ఉందంటే ఊరవతలి శాస్త్రుల ఇంటికి వెళ్లి, పదకొండు గంటల వేళకి గంతులేస్తూ తిరిగొచ్చాడు. మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"అన్నం తిన్నావా నాయనా?"

"భలేవారే! నేను వండితే కదా తినడం," అని నవ్వాడు కామేశం. "మీకో సంగతి..."

"కాళ్లు కడుక్కుని రా."

లోపల పీట వేసి ఉంది. ఆకు పరిచి, నీళ్లు చిలకరించి ఉంది. పప్పు, వంకాయ కూర, చారు. కూర అడుగంటిన వాసన ఇల్లంతా ఉంది.

"మీరు వండారా!" అన్నాడు కామేశం. ఆరేళ్లలో ఆయన ఆ ఇంట్లో కూర వండడం వాడు చూడలేదు.

మాస్టారు వడ్డించారు. నెయ్యి వేశారు. కామేశం ఆకలి మీద ఉన్నాడు, సంతోషం మీద కూడా ఉన్నాడు. ముద్దకీ ముద్దకీ మధ్య చెప్పుకుపోయాడు.

"దిష్టాంతం మాస్టారూ! ఎవరూ వాడడం లేదు, అందుకే దొరకలేదు. శాస్త్రులుగారు కూడా ఆశ్చర్యపోయారు. ఇదేనా మీరన్నది? ఇదే అయ్యుంటుంది."

"కూర కలుపుకో."

"ఇదేనా మాస్టారూ?"

"ఇంకాస్త అన్నం పెట్టుకో. దూరం పోవాలి."

కామేశం నవ్వబోయాడు. ఎవరు, ఎక్కడికి అని అడగబోయాడు. తలెత్తి మాస్టారి వైపు చూశాడు. ఆయన పైపంచె మడతలోంచి టెలిగ్రాం కాగితం అంచు కనపడుతోంది.

చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. గుమ్మంలో ఆయన "అన్నం తిన్నావా" అని అడిగింది అప్పుడు వినపడింది. ఈ అరుగు మీద ఎంతమందికి ఇలా ఆకు వేయగా చూశాడు! ఎసరు పెట్టింది తనే కదా! నోట్లో ముద్ద మింగుడు పడలేదు, ఉమ్మడానికీ రాలేదు.

"మాస్టారూ..."

ఆయన వాడి పక్కన నేల మీద కూలబడ్డారు. మజ్జిగ చెంబు దగ్గరికి లాక్కున్నారు. మరో చేతిని వాడి వీపు మీద వేశారు.

"జట్కా మాట్లాడాను. మూడింటికి బయల్దేరితే విజయనగరంలో రైలందుతుంది," అన్నారు. "ముందు మజ్జిగన్నం తిను నాయనా."