తాడు చివరి గడ్డి

దస్తగిరి అప్పు ఎగ్గొట్టే మనిషి కాడు. ఊళ్ళో ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. బ్యాంకు మాత్రం ఊళ్ళోవాళ్ళను అడగదు.

ఫ్రిజ్‌లు బాగుచేసే కొట్టు అతనిది. బాడుగకున్న ఆ గదిని యజమాని అమ్మకానికి పెట్టాడు. నెలాఖరుకు డబ్బు తెస్తే నీకే, లేదంటే ఖాళీ చెయ్యమన్నాడు. దస్తగిరి లోనుకు పెట్టుకున్నాడు. కాదన్నారు. రోషమొచ్చి అదే వారంలో ఇంకో నాలుగు చోట్ల పెట్టాడు. అక్కడా అదే మాట.

గురువారం దర్గాకు వచ్చి హుసేనమ్మ ముందు కూలబడ్డాడు. దర్గా ఊడ్చి, దీపం పెట్టి, అడిగినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పే ముసలమ్మ ఆమె. ఆమె నోటి దురుసుకు జడిసి శిష్యులంతా జారుకున్నారు. దస్తగిరి ఒక్కడే మిగిలాడు.

బ్యాంకు మేడం చెప్పిందంతా ఏకరువు పెట్టాడు. కంప్రెసర్లూ గ్యాసూ అతను క్రెడిట్ కార్డు మీద కొంటాడు. ఫ్రిజ్ బాగుచేయించుకున్నవాళ్ళు డబ్బివ్వగానే కట్టేస్తాడు. కార్డుకు నలభై వేలు లిమిట్. నెలనెలా దాని అంచుదాకా వాడుతున్నాడట, అందుకని అప్పిచ్చేవాళ్ళు చూసే క్రెడిట్ స్కోరు పడిపోయిందట. పైగా వరసబెట్టి అన్నిచోట్లా అడిగేసరికి, వీడికేదో ముంచుకొచ్చిందని ఒక్కొక్కరూ వెనక్కి తగ్గారట.

"లిమిట్ వాళ్ళిచ్చిందే కదమ్మా. ఇచ్చినదాంట్లోనే వాడుకున్నా. ఒక్క నెలా తప్పకుండా కట్టినా. ఇంకేం చెయ్యాల నేను?"

రేపు ఇంకో రెండు చోట్ల పెడతానన్నాడు.

హుసేనమ్మ తిట్టలేదు. అందుకే అతనికి భయమేసింది.

ఆమె లేచి అతన్ని దర్గా వెనక్కి తీసుకుపోయింది. ఎవరో మొక్కుకుని వదిలిన మేకపోతులు రెండు కొన్నాళ్ళుగా అక్కడే ఉంటున్నాయి. రెంటికీ ఒకటే పొడవు తాడు. ఒకటి గుంజ పక్కన పడుకుని నెమరేస్తోంది. రెండోది తాడున్నంత దూరం పోయి, మెడ సాగదీసి, ఆ అవతలి గడ్డి కోసం లాగుతోంది. తాడు తీగలా బిగిసింది.

"ఒకదాన్ని విప్పి వాగులో నీళ్ళు తాపుకొని రా. తాడు లేకుండా, ఉత్తగా తోలుకుపో. తప్పిపోయిందంటే మొక్కుకున్నోళ్ళకు నువ్వే జవాబు చెప్పాల."

దస్తగిరి ఆలోచించను కూడా లేదు. నెమరేస్తున్నదాని దగ్గర కూర్చుని ముడి విప్పబోయాడు.

"అదే ఎందుకురా? రెండోది ఎప్పుడన్నా తాడు తెంపిందా?"

"లేదమ్మా. తెంపలేదు గానీ..."

చెయ్యి ముడి మీదే ఉండిపోయింది. బిగిసిన ఆ తాడు వంక చూశాడు. రెండో మేకపోతు మెడ చుట్టూ వెంట్రుకలు ఊడి, చర్మం ఎర్రగా కనబడుతోంది. దానికి ఆకలి, అంతే. పారిపోదామని కాదు.

ముడి విప్పుతూ అన్నాడు, "రేపు ఎక్కడికీ పోనమ్మా. అంచుదాకా వాడకుండా కొన్నాళ్ళు చూస్తా. గది మాత్రం పోతుందేమో."

"పోవచ్చు," అంది హుసేనమ్మ. అతని భుజం మీద చెయ్యి వేసింది. అంతకుముందెన్నడూ వెయ్యలేదు.

"వాగు నుంచి వచ్చేటప్పుడు ఆ రెండోదానికి నీళ్ళు ఇక్కడికే తెచ్చిపెట్టు నాయనా. అదేం చెడ్డది కాదు."