అంచున కాలిన కుండలు

అడవి తరిగిపోతోందని ఆ రాజ్యంలో ఓ శాసనం చేశారు. చిన్న కుమ్మరులంతా తమ బట్టీలు కూల్చేసి, పెద్ద వ్యాపారి బోడెప్ప బట్టీలోనే కుండలు కాల్చుకోవాలట. పెద్దా చిన్నా కలిసి బతకాలట. వినడానికి ఎంత బాగుందో! ఏడాది తిరిగాక మంత్రి చూడవచ్చాడు.

"అందరికీ ఒకే బట్టీ, ఒకే మంట. ఇంక తేడా ఎక్కడుంది ప్రభూ!" అన్నాడు బోడెప్ప.

భర్త పోయి నెలైనా తిరగని కుమ్మరి ఓబులమ్మ ముందుకొచ్చింది. నెమ్మదిగానే అడిగింది. "తేడా లేదంటున్నారుగా దొరా. రేపు మా కుండలు నడిమధ్యన, మీవి అంచున పేర్పించండి."

"అంచునా? నా సరుకంతా పచ్చిగా మిగిలిపోదూ!" అని అరిచి, బోడెప్ప నాలుక్కరుచుకున్నాడు.

మంత్రికి సంగతి అర్థమైంది. ఇకపై నడిమి చోటు వంతులవారీగా అందరికీ దక్కాలని అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు. "తెలివైనదానివమ్మా. ఏం కావాలో కోరుకో" అన్నాడు.

ఓబులమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఈ తెలివి నెల ముందు రావాల్సింది ప్రభూ. మా ఆయన చితి చుట్టూ తిప్పడానికి ఆయన చేసిన ఆఖరి కుండలోనే నీళ్లు పోశాం. ఒక్క చుట్టైనా తిరక్కుండానే, మా మరిది భుజం మీద అది బురదై జారిపోయింది."