చుక్కి నేర్చుకున్న ఇల్లు

దస్తగిరి బుట్ట నెత్తిన పెట్టుకుని మూడు మైళ్లు నడిచి ఖాదర్ బాబా మకాముకు చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. బుట్టలో చుక్కి ఉంది. పసికూనగా ఉన్నప్పుడే జబ్బు చేసి రెండు కళ్లూ పోయిన పిల్లి అది. రెండు రోజులుగా ముద్ద ముట్టడం లేదు. పశువుల డాక్టరు చూసి ఒంట్లో ఏ రోగమూ లేదన్నాడు.

బాబా మకాములో మనుషుల కంటే పిల్లులే ఎక్కువ. కాలు తెగినది, చెవులు వినబడనిది, నడుస్తూ నడుస్తూ పక్కకు ఒరిగిపోయేది, ఎవరికీ అక్కర్లేనివన్నీ అక్కడికే చేరేవి. చదువు ముగించుకుని, సొంత ఊళ్లో నలుగురికి మంచి మాట చెప్పడానికి బయల్దేరే శిష్యుడికి బాబా శాలువా కప్పేవాడు కాదు. ఒక పిల్లిని చేతిలో పెట్టేవాడు. దాన్ని సాకలేక వెనక్కి తెచ్చినవాడు మళ్లీ మూడేళ్లు మకాములో చీపురు పట్టాల్సిందే.

పన్నెండేళ్లు అక్కడ చదువుకుంటూ ఊడ్చి, రెండు నెలల కిందటే చుక్కిని అందుకుని వెళ్లిన దస్తగిరికి ఆ చీపురు తలుచుకుంటేనే నడుము నొప్పి. అయినా బుట్ట మోసుకొచ్చాడు. పిల్లి చచ్చిపోతుందేమోనన్న భయం అంతకంటే పెద్దది.

“ఇది నా దగ్గర బతికేలా లేదు బాబా. మీరే ఉంచుకోండి,” అన్నాడు.

“నువ్వేం చేసినావు దీనికి?”

ఆ ప్రశ్నకు దస్తగిరి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అందులో కాస్త గర్వం కూడా ఉంది.

“చేయనిదేముంది బాబా? ఈ రెండు నెలల్లో దీని కాలు నేల మీద పెట్టనీలేదు. సంకలోనే పెట్టుకుని తిరిగినా. నలుగురికి మాట చెప్పేటప్పుడు కూడా నా ఒళ్లోనే. గిన్నె దాని మూతి దగ్గరికి తెచ్చి, నా చేత్తో తినిపించినా. కన్నతల్లి కూడా ఇట్లా చూడదని ఊరంతా మెచ్చుకున్నారు.”

బాబా బుట్టలో చెయ్యి పెట్టి చుక్కి చెవి వెనక గోకాడు. తర్వాత చేతికర్ర అందుకున్నాడు.

“పద, మీ ఇంటికి పోదాం.”

డెబ్బై ఏళ్ల మనిషి మూడు మైళ్లూ నడిచాడు. దారి పొడవునా దస్తగిరి వానల గురించీ వేరుశనగ గురించీ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. ఈయనకు చీపురు మాట ఎత్తే సందు ఇవ్వకూడదని అతని తాపత్రయం.

ఇంట్లో బాబా పాలన్నం కలిపించి, గిన్నెను వంటింటి మూల పెట్టించాడు. చుక్కిని గడప పక్కనున్న నీళ్లబాన దగ్గర దించాడు. చాప మీద కూర్చుని, దస్తగిరిని పక్కన కూర్చోబెట్టుకుని, అతని కుడిచేతిని తన చేతిలోకి తీసుకున్నాడు.

పిల్లి చాలాసేపు కదల్లేదు. చివరికి లేచి, రెండడుగులు వేసి, తలుపుకు ముక్కు కొట్టుకుంది. దస్తగిరి లేవబోయాడు. బాబా చెయ్యి వదల్లేదు. ముసలి చెయ్యే గానీ ఉడుంపట్టు.

చుక్కి అరిచింది. ఎత్తుకునే చేతుల కోసం తల పైకెత్తి మరీ అరిచింది. దస్తగిరి ప్రాణం విలవిల్లాడింది.

“ఒక్కసారి ఎత్తి గిన్నె దగ్గర పెడతా బాబా.”

బాబా పట్టు ఇంకాస్త బిగించాడు.

సరిగ్గా అప్పుడే పక్కింటి ఖాసింబీ తొంగిచూసింది. “ఏం సామీ, మూగజీవం గోడలకు కొట్టుకుంటాంటే ఇద్దరు మగోళ్లు చేతులు పట్టుకుని చూస్తా కూర్చుండారే. నీ దయంతా యాడికి పాయ?” అని దస్తగిరిని దులిపేసి వెళ్లిపోయింది.

దస్తగిరికి తల కొట్టేసినట్టయింది. ఆ మాట సాయంత్రానికల్లా వీధి వీధికీ చేరుతుందని అతనికి తెలుసు. చెయ్యి గట్టిగా గుంజాడు. రాలేదు.

చుక్కి అరవడం మానేసింది. కాసేపు ఆగి, గోడకు ఒళ్లు ఆనించి నడక మొదలుపెట్టింది. రోకలికి తగిలింది. మీసాలతో దాన్ని తడిమి చూసి, చుట్టూ తిరిగి వెళ్లింది. బియ్యం మూటకు తగిలింది. అక్కడ దారి తోచక వచ్చిన దారినే నీళ్లబాన దాకా తిరిగొచ్చింది.

దస్తగిరి నిట్టూర్చాడు. అంతా అయిపోయిందనుకున్నాడు.

చుక్కి మళ్లీ బయల్దేరింది. ఈసారి రోకలికి తగల్లేదు. ముందే పక్కకు తప్పుకుంది. బియ్యం మూటను రాసుకుంటూ దాటింది. మూల తిరిగింది. గిన్నె దొరికింది.

అది తింటున్న చప్పుడు ఇంటి నిండా వినిపించింది. గిన్నె అడుగు దాకా నాకి, అదే గోడ వెంట, తోక నిటారుగా నిలబెట్టి, ఇల్లు తన పేరనే ఉన్నట్టు దర్జాగా గడప దాకా నడిచొచ్చింది. ఎండలో కూర్చుని మూతి తుడుచుకోవడం మొదలుపెట్టింది.

దస్తగిరి కళ్లు నిండాయి. తను చెయ్యి గుంజుకోవడం ఎప్పుడు మానేశాడో అతనికే తెలియలేదు.

బాబా అతని వైపు తిరిగాడు.

“ఇంక నీ చెయ్యి వదలనా నాయనా?”