ముందు ఖుషీ

సామర్లకోట రైలు స్టేషను వెనక వీధిలో మరిడేశ్వరి అని పదమూడేళ్ళ పిల్ల ఉండేది, ఆ పిల్లకు ఎవరి మాటా చివరిదాకా వినే ఓపిక ఉండేది కాదు.

వంటింట్లోంచి తల్లి "మరిడీ, ఉప్పు..." అనేది. అంతే, పిల్ల వీధి మలుపు తిరిగిపోయేది. ఉప్పు పాకెట్టు తెచ్చి గట్టు మీద పెట్టి, "ఇంకేంటి?" అనేది.

"ఉప్పు ఉందే తల్లీ, చింతపండే లేదు అనబోయాను!" అని తల్లి నెత్తి కొట్టుకునేది.

అలా ఆ ఇంట్లో ఉప్పు పాకెట్లు నాలుగు పోగయ్యాయి. పులుసు మాత్రం పెట్టుకోలేకపోయారు.

తండ్రి తాతారావు రైసుమిల్లులో జట్టు కూలీ. రోజుకు ఎన్ని బస్తాలు వీపు మీద మోసేవాడో ఆయనకే లెక్క తెలియదు. వాళ్ళ ఇంటి గోడకు అవతలే పట్టాలు. మద్రాసు వెళ్ళే బండి, హౌరా వెళ్ళే బండి అన్నీ కూత వేసుకుంటూ పోతూ ఉండేవి. ప్రతి కూతకూ మరిడి కాళ్ళు జివ్వుమనేవి. కానీ ఆ పిల్ల రైలెక్కి కాకినాడ దాటి ఎరగదు. చదువుకునేటప్పుడు కూడా కిటికీ దగ్గర నిలబడి, కాలు మార్చి కాలు ఆనించుకుంటూ చదివేది.

ఈ కాళ్ళ దురద తీరుతుందని తండ్రే ఆమెను జూడోలో చేర్చాడు. పాత ధాన్యం గోదాములో పచ్చని మ్యాట్లు పరిచి ఏసుపాదం మాస్టారు పిల్లలకు జూడో నేర్పేవాడు. ఆయన రైల్వేలో పని చేసి దిగిపోయిన మనిషి. గోదాము తాళంచెవి ఎప్పుడూ ఆయన జేబులోనే ఉండేది. ఆయన వస్తేనే తలుపు తెరుచుకునేది. మనిషి బంగారం. మాట మాత్రం గూడ్సు బండి. కదిలిందో లేదో తెలిసేది కాదు. నాలుగు మాటలకొకసారి సిగ్నల్ ఇవ్వనట్టు ఆగిపోయేది. మరిడికి ఆ ఆగడమే గిట్టేది కాదు.

ఒకరోజు మాస్టారు పిల్లలందరినీ కూర్చోబెట్టి కొత్త పట్టు చూపించాడు. దాని జపాను పేరు సెయోయి నగే. అవతలి మనిషి చొక్కా చేతిని పట్టుకుని, గిరుక్కున తిరిగి, వాళ్ళ చంక కింద మన చెయ్యి ఇరికించి, మోకాళ్ళు వంచి, వాళ్ళను వీపు మీదుగా ముందుకు వేసెయ్యడం. పిల్లలు దానికి వెంటనే మూట పట్టు అని పేరు పెట్టేశారు.

"చేతి పట్టుల్లో... ఇది మొదటిది," అన్నాడు మాస్టారు.

"వీపు మీదుంచి కదండీ పడేస్తున్నాం, చేతి పట్టంటారేంటండీ?" అని మరిడి అడిగింది. జవాబు కోసం ఆగలేదు. అప్పటికే లేచి నిలబడి మడమలు ఎగరేస్తోంది.

"చెప్తాను. ఇందులో మూడు పనులున్నాయి. ముందు... కుజుషి..."

మరిడి చెవిలో అది "ఖుషీ" అని పడింది. ముందు ఖుషీ! ఖుషీ అంటే తెలియనిదెవరికి? సంతోషంగా ఉండాలన్నమాట, నవ్వుతూ దిగాలన్నమాట. ఇంత చిన్న సంగతికి ఇంత సాగదీయడం ఎందుకనుకుంటూ పక్కనున్న పిల్లను చెయ్యి పట్టి మ్యాటు మీదకు లాక్కుపోయింది.

ఆమె వెళ్ళిపోయాక గూడ్సు బండి మళ్ళీ కదిలింది. "కుజుషి అంటే... ఒరగదీయడం. అవతలి మనిషి మడమలు లేచి... మునివేళ్ళ మీదకొచ్చేదాకా... చేత్తో లాగాలి. ఒరగని మనిషిని... ఎవడూ ఎత్తలేడు." మిగతా పిల్లలంతా విన్నారు. మరిడికన్నా బరువూ బలమూ లేని వీరవేణి అనే పిల్ల మరీ శ్రద్ధగా విని, అర్థం కాక రెండోసారి కూడా అడిగి చెప్పించుకుంది.

ఆ రోజు నుంచి మరిడి సాధన మొదలెట్టింది. ఎదుటి పిల్ల చొక్కా పట్టుకునేది. ముఖమంతా విప్పార్చి ఒక నవ్వు నవ్వేది. ఆ వెంటనే గిరుక్కున తిరిగి వీపు పెట్టి ఎత్తబోయేది. మొదట్లో ఆ నవ్వు చూసి పిల్లలు బెదిరారు, ఒకరిద్దరు పడ్డారు కూడా. రాను రాను పడటం మానేశారు. మరిడికి ఏమీ అర్థం కాలేదు. పొద్దున వంద సార్లు తిరిగేది, సాయంత్రం వంద సార్లు తిరిగేది. ఇంట్లో స్తంభానికి తువ్వాలు కట్టి లాగేది. స్తంభాన్ని చూసి కూడా ముందు నవ్వేది. తల్లి అది చూసి, పిల్లకు గాలి సోకిందేమోనని మరిడమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుంది.

"కుజుషి చాల్లేదే, కుజుషి!" అని మాస్టారు అరిచేవాడు.

ఈ పిల్ల ఇంకా వెడల్పుగా నవ్వేది.

మాస్టారు తల గోక్కునేవాడు. "ఈ పిల్లకు... భయమంటే ఏంటో..." అని మొదలుపెట్టేవాడు. అది ముగిసేలోగా మరిడి ఇంకో పిల్ల చొక్కా పట్టుకునేది.

ఇంతలో కబురు వచ్చింది. అనంతపురంలో రాష్ట్ర పోటీలు. నలభై కిలోల లోపు ఆడపిల్లల్లో ఆ గోదాము నుంచి ఒక్కరికే చోటు. రాత్రంతా రైలు ప్రయాణం! మరిడికి ఇక అన్నం సయించలేదు. వీధిలో అందరికీ తాను వెళ్తున్నట్టే చెప్పేసింది. ఆలు లేదు చూలు లేదు, పక్కింటావిడ దగ్గర అప్పుడే సంచీ అడిగి తెచ్చుకుంది.

ఎంపిక ముందురోజు తండ్రికి కారేజీ పట్టుకెళ్ళింది. మిల్లులో తాతారావు ఒకదానిమీద ఒకటి పేర్చిన బస్తాల నెట్టు పక్కన చెమట తుడుచుకుంటున్నాడు.

"నాన్నా, రేపే పోటీ. మనిషిని ఎత్తడానికి ఇంకా బలం కావాలి. నువ్వు ఇంతింత బస్తాలు ఎలా ఎత్తుతావు?"

"బలంతో ఎత్తితే నడుం ఇరుగుద్దమ్మా. ముందుగాల బస్తాని..." అంటూ తాతారావు లేచి ఒక బస్తా కొసలు పట్టుకున్నాడు.

అప్పుడే స్టేషనులో ఒక బండి కూత వేసింది. "సర్లే నాన్నా, తర్వాత చెప్పు!" అని మరిడి పరుగు తీసింది. తాతారావు బస్తా కొసలు పట్టుకుని అలాగే కాసేపు నిలబడ్డాడు.

ఆదివారం పొద్దున ఎంపిక జరిగింది. చివరికి మరిడి, వీరవేణి మిగిలారు. వెన్ను మ్యాటుకు తగిలేలా పడేస్తే ఆట అక్కడితో సరి. మరిడి దూకుతూ వెళ్ళి వీరవేణి చొక్కా పట్టుకుంది. నవ్వింది. తిరిగింది. వీరవేణి అప్పటికే నడుం కిందికి దించి, పాదాలు బిగించి నిలబడింది. పాతిన గుంజను ఎత్తినట్టే అయింది. మరిడి విడిపించుకుని మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ నవ్వింది, తిరిగింది. గుంజ కదల్లేదు. చేతులు పట్టు తప్పుతున్నాయి. గోదాము అవతల బండి ఒకటి కూత వేసుకుంటూ పోతోంది.

"కుజుషి! మరిడీ, కుజుషి ఏదే?" అని మాస్టారు గొంతు చించుకున్నాడు. జన్మలో ఆయన అంత వేగంగా మాట్లాడటం ఎవరూ వినలేదు.

మరిడికి ఏడుపు వస్తోంది. అయినా మాస్టారు చెప్పాక తప్పుతుందా? ఏడుపును మింగి, ముప్ఫై రెండు పళ్ళూ కనబడేలా నవ్వింది. ఆ నవ్వు చూడగానే వీరవేణి ఆమె చొక్కా చేతిని సర్రున లాగింది. మరిడి మడమలు లేచాయి. ఏం జరుగుతోందో తెలిసేలోగా గోదాము పైకప్పు కనబడింది. వెన్ను మ్యాటుకు తగిలి ధబ్బున చప్పుడైంది.

చోటు వీరవేణిది.

మరిడి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ కాళ్ళు కదలకుండా ఉండటం పిల్లలు చూడటం అదే మొదటిసారి. వీరవేణి వచ్చి పక్కన చతికిలబడింది.

"ఒకటి అడుగుతాను, ఏమనుకోకే. పట్టు వేసే ముందు ఎందుకే నవ్వుతావు? నువ్వు నవ్వగానే మాకందరికీ తెలిసిపోద్ది, ఇప్పుడు తిరుగుతావని."

"మాస్టారే కదే చెప్పారు! ముందు ఖుషీ అని."

వీరవేణి నోరు తెరిచింది. పిల్లలు ఒక్కసారిగా గొల్లుమన్నారు. కొందరు మ్యాటు మీద పడి దొర్లారు. మాస్టారికి కూడా నవ్వు ఆగలేదు. తర్వాత ఆ పిల్ల ముఖం చూసి ఆయన నవ్వు ఆరిపోయింది. అన్నాళ్ళూ పొద్దునా సాయంత్రం వందేసి సార్లు ఆ పిల్ల తనను నమ్మే నవ్విందని తెలిసి ఆయన వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"తప్పు నాది కూడానమ్మా," అన్నాడు. "నీకు అర్థమైందా అని... ఒక్కసారి అడగలేదు. అది ఖుషీ కాదు. కుజుషి. అంటే..."

మరిడి లేవలేదు. ఆయన ఆగాడు. ఆమె కూడా ఆగింది. ఆ ఆగడం ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు. అరికాళ్ళలో చీమలు పాకాయి.

"...ఒరగదీయడం. చేత్తో లాగి... మనిషిని ఒరగదీయాలి. ఆ పని చెయ్యి చేస్తుంది గనకే... ఇది చేతి పట్టయింది. వీపు ఉత్తినే ఉంటుంది. మీ నాన్న దగ్గరికెళ్ళు. ఒక బస్తా... మొదలు నుంచి చివరిదాకా చూసి రా."

మర్నాడు మరిడి మిల్లుకు వెళ్ళి నెట్టు పక్కన నిలబడింది. తాతారావు ఆశ్చర్యపోయాడు. "కారేజీ తెచ్చేశావుగా, ఇంకా ఉన్నావేంటమ్మా?"

"మొన్న చెప్పబోయింది చెప్పు నాన్నా. మొత్తం చెప్పు."

తాతారావు బస్తా కొసలు రెండూ పట్టుకున్నాడు. "ఇదిగో, ముందుగాల ఒరగేసుకోవాల. కూర్చున్న బస్తా కొండంత బరువు. ఒరిగిన బస్తా దానంతటదే వస్తది." బస్తాను తన వైపు లాగాడు. అది ముందుకు ఒరిగింది. పడబోతున్నంతలో గిరుక్కున తిరిగి, మోకాళ్ళు వంచి, దాని కిందకు వీపు ఇచ్చాడు. బస్తా వచ్చి వీపున వాలింది. లేచి నడిచాడు. మరిడి అలా పదకొండు బస్తాలు చూసింది. బండ్లు రెండు కూత వేసుకుంటూ పోయాయి. ఆమె తల తిప్పలేదు. తన ఇంట్లోనే ఇంత విద్య పెట్టుకుని స్తంభంతో కుస్తీ పట్టినందుకు సిగ్గేసింది.

గురువారం సాయంత్రం గోదాములో వీరవేణికి జోడీగా నిలబడింది. చొక్కా చేతిని పట్టుకుంది. నవ్వలేదు. లాగింది. ఇంకా లాగింది. వీరవేణి మడమలు లేచాయి. అప్పుడు తిరిగింది. వీపు మీద బరువే తెలియలేదు. వీరవేణి గాలిలో ఒక చుట్టు తిరిగి వెల్లకిలా మ్యాటు మీద పడింది.

వీరవేణి పడుకునే చెప్పింది. "ఇది ఆదివారం వేసుంటే, రేపు బండి నువ్వెక్కేదానివే."

మరిడి చెయ్యిచ్చి లేపింది.

శుక్రవారం వీరవేణినీ మాస్టారినీ సాగనంపడానికి మరిడి స్టేషనుకు వెళ్ళింది. పక్కింటావిడ సంచీని వీరవేణికే ఇచ్చింది. కిటికీ పక్కన కూర్చున్న మాస్టారు ఆమెను చూసి నోరు తెరిచాడు.

"మరిడీ... గోదాము..."

బండి కూత వేసింది. కదిలింది. అదే పాత మరిడి అయితే ఆ కూతకు ఎటో పరుగెత్తి ఉండేది. ఇప్పుడూ పరుగెత్తింది, మాస్టారి మాట వెంబడి.

"...తాళంచెవి..."

జనాన్ని తప్పించుకుంటూ, సామాన్ల మీదుగా దూకుతూ కిటికీతో పాటు నడకా పరుగూగా వెళ్ళింది. "చెప్పండి మాస్టారూ, వింటున్నాను!"

"...గుమ్మం పైన..."

బండి జోరందుకుంది. ఊరి పేరు రాసిన పసుపు బోర్డు దగ్గరపడింది. ప్లాట్‌ఫారం అయిపోవస్తోంది.

"...పెట్టాను. రోజూ... తెరిచి... సాధన చెయ్యి!"

చివరి మాట అందేసరికి బోర్డు పట్టుకుని ఆగిపోయింది. బండి వెళ్ళిపోయింది. తాను ఎక్కాల్సిన బండి. కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఎవరూ చెప్పకుండానే నవ్వు వచ్చింది. ఇన్నాళ్ళకు అసలైన ఖుషీ ఇదే అనుకుంది. ఎవరికీ ఇవ్వని తాళంచెవి మాస్టారు తనకు ఇచ్చాడు. మాస్టారి మాటల గూడ్సు బండిలో చివరి పెట్టెదాకా ఆగినందుకే అది అందింది.

మాస్టారు తిరిగొచ్చేదాకా రోజూ గోదాము తెరుచుకుంది. ఇంట్లో పులుసు కూడా ఉడికింది, ఎందుకంటే ఆ వారం అంతా మరిడి అమ్మ మాట పూర్తయ్యాకే కొట్టుకు వెళ్ళింది.

చెప్పేవారి మాట చివరిదాకా విననివాళ్ళకు ఎంత చెమటోడ్చినా విద్య రాదు. ఓపికగా వినడమే నేర్చుకోవడంలో మొదటి పట్టు.