కొండ మీది సభ

సింహాద్రమ్మగారికి వాదన గిట్టదు. శిష్యులు ఏదైనా అడిగితే ఏదో ఒక పని పురమాయిస్తారు. జవాబు ఆ పనిలోనే ఎక్కడో ఉంటుంది, వెతుక్కున్నవాడికి దొరుకుతుంది.

నీలాద్రి అడిగింది మాత్రం న్యాయమైన ప్రశ్నే. పట్నంలో మఠాధిపతి కాలం చేస్తే, ఆ పీఠానికి అతన్ని అనుకున్నారు. చదువుకున్నవాడు, మాటకారి, నలుగురికీ మేలు చేయాలని నిజంగా కోరుకునేవాడు. అయితే సింహాద్రమ్మగారి ఆశ్రమంలో ఒక కట్టడి ఉంది. దీక్ష తీసుకోబోయేవాళ్లు ముందుగా కొండ మీది కుటీరంలో ఒంటరిగా ఉండాలి. అన్నం గడప దగ్గర పెట్టి వెళ్తారు, ఎవరూ పలకరించరు.

"జనంలోకి వెళ్లాల్సినవాణ్ణి జనానికి దూరంగా ఎందుకుంచడం అమ్మా? గట్టు మీద కూర్చుంటే ఈత వస్తుందా?" అన్నాడు నీలాద్రి.

"వానలు వెళ్లేదాకా ఉండు నాయనా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారామె.

ఉన్నాడు. కప్పు కురిసింది, కట్టెలు తడిశాయి, జ్వరం వచ్చి తగ్గింది. ఒక్కరోజైనా కిందికి దిగలేదు. పంతం పట్టాడంటే పట్టినట్టే, ఆ మాట ఒప్పుకోవాలి. పీఠం ఎక్కాక ఏం చెప్పాలో అంతా ఆ నాలుగు గోడల మధ్యే సిద్ధం చేసుకున్నాడు.

వానలు వెళ్లాయి. ఆ ఉదయం కుటీరంలో నిలబడి, వైరాగ్యం గురించి ధారాళంగా చెబుతున్నాడు. మధ్యలో ఆగి, "వెనకనున్న తల్లులు కాస్త మాటలు ఆపాలి!" అని మందలించాడు కూడా. మళ్లీ అందుకుని, మంచి మాట ఒకటి విసిరి, చప్పట్ల కోసం ఆగాడు.

చప్పట్లు వినిపించాయి.

నీలాద్రి తృప్తిగా తలాడించి, చాలు చాలన్నట్టు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. వెళ్లి తలుపు తీశాడు.

బయట మఠం ధర్మకర్త పైడిరాజుగారు, శాలువా చంకన పెట్టుకుని ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. వెనక మేళగాళ్లు ఆయాసపడుతున్నారు. ఓ పక్క రాతి మీద సింహాద్రమ్మగారు మోకాళ్లు నొక్కుకుంటూ కూర్చున్నారు.

"ఏం ధార బాబూ! ఇంకేం కావాలి? పదండి, ఊరంతా ఎదురుచూస్తోంది" అన్నారు పైడిరాజుగారు.

సింహాద్రమ్మగారు కుటీరంలోకి తొంగిచూశారు. "ఇంత చిన్న గదిలో అంతమందిని ఎలా కూర్చోబెట్టావు నాయనా?"

నీలాద్రి ముఖం కందిపోయింది. వచ్చిన మొదటి రోజు నుంచీ ఆ గదిలో తను ఒక్కడే ఉన్న గడియ ఏదైనా ఉందేమోనని వెతుక్కున్నాడు. ఒక్కటీ దొరకలేదు.

"పీఠానికి వేరేవాళ్లను చూసుకోండి" అని పైడిరాజుగారికి నమస్కరించాడు.

"అదేంటి బాబూ! చేతికందిన పీఠం. రేపు కావాలన్నా దొరకదు."

"తెలుసండీ."

లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

పైడిరాజుగారికి మండుకొచ్చింది. "అంతా సిద్ధమైనవాణ్ణి ఒక్క మాటతో పాడుచేశారు కదమ్మా! ఇన్నాళ్లూ ఒంటరిగా ఉన్నది చాలదా?"

సింహాద్రమ్మగారు రాతి మీద చెయ్యి ఆన్చి లేచారు.

"ఇప్పుడే కదా లోపలికి వెళ్లాడు" అన్నారు. "పదండి, చప్పుడు చేయకుండా దిగుదాం."