పెంట గంపలో చేనికి వచ్చిన గంపలమ్మ

గంపలమ్మ దర్శనానికి మొదటిసారి వచ్చేవారు చాలామంది దారి తప్పామని అనుకుంటారు. వారు తప్పలేదు. ఎర్రగుట్లపల్లె దాటాక బండిబాట వదిలి గట్టు మీద నడిస్తే, గులకరాళ్ల గరుసునేల చేను నడుమ మోకాలెత్తు నల్లరాయి కనిపిస్తుంది. ఆమే అమ్మవారు. ఇక్కడ గోపురం లేదు, ప్రాకారం లేదు, అమ్మ నెత్తిన నీడ కూడా లేదు. దున్నే మడక ఆమె చుట్టూ తిరుగుతుంది, విత్తనం ఆమె పాదాల దాకా పడుతుంది. జొన్న ఏపుగా ఎదిగిన నెలల్లో ఆమె బొత్తిగా కనిపించదు. దంట్లు పక్కకు తొలగించి చూసి దండం పెట్టుకోవాలి. గుడి కట్టిస్తామంటూ పెద్ద పెద్దవారే వచ్చారు. ఈ చేను సాగుచేసుకునే కుటుంబం వారికి చల్లని మజ్జిగ ఇచ్చి మర్యాదగా సాగనంపింది. ఆ కుటుంబం ఎందుకు ఒప్పుకోదో తెలియాలంటే అమ్మ ఈ చేనికి ఎలా వచ్చిందో తెలియాలి.

పూర్వం ఇక్కడ బసవరాయుడనే పాలెగాడి మాట చెల్లుబాటయ్యేది. ఆ కాలంలో ఈ పల్లెలో తిప్పక్క అనే ఇల్లాలు ఉండేది. ఆమెకంటే ముందు తల్లికి పుట్టిన బిడ్డలు దక్కకపోవడంతో, పుట్టగానే ఆమెను పెంటదిబ్బ మీద పడుకోబెట్టి, అక్కడినుంచి ఎత్తుకుని, తిప్ప అంటే దిబ్బే గనుక ఆ పేరు పెట్టారు. దిబ్బ మీద దొరికిన పిల్ల కాబట్టి మృత్యువు కన్నుపడదని పెద్దల నమ్మకం. మృత్యువు సంగతి అటుంచి, మనుషులకు కూడా ఆమె తేలిగ్గా లొంగేది కాదు.

తిప్పక్కకు, ఆమె భర్త భీమన్నకు ఉన్నదల్లా ఈ గరుసు చేనే. ఫాల్గుణం దాటుతుంటే ఆ ఇంట్లో ఒకరికీ కాలు నిలిచేది కాదు. నూర్చిన జొన్న గాదెకు చేర్చాలి, చొప్ప వామి వేయాలి, చేలోని కొయ్యకాళ్లు పెరికి పోగుపెట్టాలి. చింతపండు కొట్టి గింజ తీయాలి, మొద్దుబారిన మడక కర్రును కొలిమికి పంపాలి, పాతబడిన పగ్గాలను విప్పి కొత్తగా పేనాలి. వీటన్నిటికంటే పెద్ద పని ఎరువు తోలడం. ఏడాది పొడుగునా తిప్పక్క కొట్టంలోని పేడ, పొయ్యిలోని బూడిద, మేకల పెంటికలు, పశువులు తొక్కి వదిలిన చొప్ప, ఇల్లు ఊడ్చిన చెత్త ఒకచోట వేసి, నీళ్లు చల్లి, తిరగేసి మాగబెట్టేది. తొలకరికి ముందే అది చేనంతా పరుచుకోవాలి. ఎరువు పడని ఏడు ఆ గరుసునేల చాటెడు గింజలు కూడా ఇచ్చేది కాదు.

ఆ సంగతి బసవరాయుడికీ తెలుసు. అతని పొలాలు సొంత పశువుల ఎరువు చాలనంత పెద్దవి. అందుకని ఉగాదికి ముందు ప్రతి ఇంటి దిబ్బా కోట పొలాలకే తోలాలని తలారి చేత డప్పు వేయించాడు. రెండేళ్లు అలాగే జరిగింది. కోట గాదెలు నిండాయి, పల్లె గాదెలు అడుగంటాయి. ఈ ఏడు కూడా చేను పండకపోతే దాన్ని వదులుకుని కోటలో పాలేర్లుగా చేరడమే తిప్పక్క ఇంటికి మిగిలిన దారి. బసవరాయుడు కోరుకున్నదీ అదేనని ఊళ్లో అందరికీ తెలుసు, అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

మూడో ఏడు తలారి హనుమన్న డప్పు పట్టుకుని తిప్పక్క వాకిట నిలబడ్డాడు.

"రేపు పొద్దున కోట బండ్లు వస్తాయి తిప్పక్కా. నీ దిబ్బ కూడా ఎత్తుతారు."

"నా మొగుడు, నా ఎద్దులు కోట ఎట్టిచాకిరికి పోయి ఎన్నాళ్లయిందో నీకు తెల్దా? బండ్లు వస్తే రానీ. దిబ్బ మాత్రం ఇయ్యను పో."

"నా మీద కసురుకుంటావేమమ్మా? దొర మాట."

"దొరకే చెప్పు. ఆయప్ప కసువు ఊడ్చినాడా, పేడ ఎత్తినాడా?"

హనుమన్న డప్పు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. తిప్పక్క భయపడలేదని చెబితే అది అబద్ధమే అవుతుంది. కానీ భయంతోనే కొంగు బిగించి, పార అందుకుని, దిబ్బ తవ్వడం మొదలుపెట్టింది. బండి లేదు కనుక గంపతోనే మోయాలనుకుంది. మొదటి గంపకు సరిపడా తవ్వేసరికి పార ఠంగుమంది. ఎరువు చేత్తో తోసి చూస్తే రెండు కళ్లు, బిగించిన పెదవులు, నడుము మీద చేయి ఉన్న రాతి అమ్మ కనిపించింది.

కాసేపట్లోనే ఊరంతా అక్కడికి చేరింది. పసుపు తెచ్చినవారు పసుపు, నీళ్లు తెచ్చినవారు నీళ్లు అర్పించారు. మరునాడు బండ్లతోపాటు గుర్రమెక్కి బసవరాయుడే వచ్చాడు. అమ్మ కోటకు చెందుతుందని, ఎత్తి బండిలో పెట్టమని మనుషులను పురమాయించాడు. పట్టెడు గింజలు తిని పెరిగినవారు కాదు వారు, దండిగా తిన్న జెట్టీలు. మోకులు కట్టి లాగారు, గునపాలు వేసి ఎత్తారు. అమ్మ ఇసుమంత కూడా కదల్లేదు. బసవరాయుడి ముఖం కందగడ్డలా అయింది. తనకు దక్కనిది తిప్పక్కకు కూడా దక్కకూడదని అనుకున్నాడో ఏమో, గుర్రం మీదినుంచే ఆజ్ఞ వినిపించాడు. అమ్మ కదలనంటోంది కాబట్టి ఈ దిబ్బ ఆమె పీఠమనీ, ముహూర్తం చూసి కోటే ఇక్కడ గుడి కడుతుందనీ, అంతవరకు దిబ్బ మీద పార వేసినవారికి శిక్ష తప్పదనీ చెప్పి, కాపలా పెట్టి వెళ్లాడు.

ఊరివారు చేతులు జోడించారు. తిప్పక్క మాత్రం, "గుడి కడితే నా చేనికి ఎరువు ఎవురు ఏస్తారు?" అని అడిగింది. దేవుడి పనికి అడ్డం మాట్లాడవద్దని ఇరుగుపొరుగు ఆమె నోరు నొక్కారు.

ఆ మధ్యాహ్నం దిబ్బ పక్కనే, గోడనీడలో కూర్చున్న తిప్పక్కకు కన్ను అంటుకుంది. కలలో ఒక పెద్దావిడ దిబ్బ మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని కనిపించింది. ఆమె జుట్టు నిండా చొప్ప పరకలు, నోట్లో వక్కాకు.

"ఇక్కడ వెచ్చగా వుందే," అందావిడ. "ఎన్ని యుగాలు పండుకున్నానో నాకే తెలీదు. నన్ను కదిలించొద్దు. నా చుట్టూ ఉన్న పెంట ముట్టొద్దు. ఏడు తరాలు సల్లగా చూస్తా."

ఇంకొకరైతే ఆ మాటకు సాష్టాంగపడేవారు. తిప్పక్క లేచి నిలబడింది.

"ఏడు తరాల మాట తరవాత చూద్దాం తల్లీ. ఈ ఏడు గడిస్తే గదా ఆ తరాలు వచ్చేది? ఎండ ముదురుతాంది. తొలకరి లోపల ఇది చేనిలో పడాల. నీకు వెచ్చగా ఉందని నా పిల్లోళ్లను పస్తు పెట్టమంటావా?"

"నన్నే లెమ్మంటాండావా?" పెద్దావిడ కళ్లు ఎర్రబడ్డాయి.

"లెమ్మంటాండా. దిబ్బ కావాలంటే దిబ్బతోపాటు చేనికి రా. రానంటే ఒట్టి నేల మీద కూచో. నేనైతే ఎత్తుతా."

పెద్దావిడ కళ్లలో ఎరుపు తగ్గిందో లేదో చూసేలోపే తిప్పక్కకు మెలకువ వచ్చింది. దేవతకే ఎదురు మాట్లాడానే అని వణికిపోయింది. వణుకుతూనే గంప తెచ్చింది. కాపలావారు కేకలు వేస్తున్నా వినకుండా గంప నిండా ఎరువు నింపి, అమ్మ నడుము కింద చేతులు వేసింది. జెట్టీలకు కదలని రాయి, నిద్రలో ఉన్న పసిబిడ్డలా ఆమె చేతుల్లోకి వచ్చేసింది. ఎరువు మీద కూర్చోబెట్టి, గంప నెత్తికెత్తుకుని తిప్పక్క చేను దారి పట్టింది.

కబురందుకున్న బసవరాయుడు ఇప్పుడు మీరు నడిచివచ్చే గట్టు మొదట్లో ఆమెను అటకాయించాడు. అతని పక్కన హనుమన్న దారికి అడ్డంగా కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"దించు," అన్నాడు బసవరాయుడు.

"దించను."

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలుసు. నెత్తిన ఎవరున్నారో కూడా తెలుసు. ఎత్తింది నేను. దించేది నా చేనిలోనే."

అప్పుడు ఆమె వెనక అడుగుల చప్పుడు వినిపించింది. జెట్టీలకు కదలని అమ్మ తిప్పక్క నెత్తికెక్కడం చూసి, పల్లెలోని ఆడవారు ఒక్కొక్కరే కోట బండ్లు ఇంకా ఎత్తని తమ తమ దిబ్బల ఎరువు గంపలకెత్తుకుని, తమ చేలకు బయలుదేరి వస్తున్నారు. అందరికంటే ముందు నడుస్తున్నది హనుమన్న భార్య సుంకమ్మ. పొద్దున తిప్పక్క నోరు నొక్కినవారిలో ఆమె కూడా ఉంది.

"కర్ర తీస్తావా, కూడు మానుకుంటావా?" అని సుంకమ్మ మొగుణ్ణి అడిగింది.

హనుమన్న దొర వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. కర్ర పక్కకు తీశాడు. కోట మనుషుల్లో చాలామందికి ఆ గంపల కింద తల్లులో అక్కలో కనిపించారు. ఎవరూ చెయ్యెత్తలేదు. ఇరుకు గట్టు మీద గుర్రం కూడా బెదిరి వెనక్కు జరిగింది. గంపలు సాగిపోయాయి.

తిప్పక్క చేను నడుమ అమ్మను దించి, ఎరువు చుట్టూ పరిచింది. మళ్లీ వెళ్లి మళ్లీ తెచ్చింది. దిబ్బ ఖాళీ అయ్యేదాకా ఆమె ఆగలేదు. ఆఖరి గంప కుమ్మరించి, నడుము నిటారుగా చేసి, "నా పని నేను చేసినా. ఇంక నీ పని నువ్వు చెయ్యి," అంది.

అప్పటికప్పుడే కుండపోత కురిసిందని కొందరు చెబుతారు. ఆ కుటుంబం వారు ఒప్పుకోరు. అమ్మ కూడా తక్కువది కాదు, తిప్పక్కను మృగశిర కార్తె దాకా ఎదురుచూడనిచ్చిందని అంటారు. అయితే వాన పడ్డాక మాత్రం లోటు చేయలేదు. ఆ ఏడు ఈ గరుసునేలలో కంకి బరువుకు దంటు వంగింది. భీమన్న కోట పని మానుకుని ఎద్దులతో సహా ఇల్లు చేరాడు. బసవరాయుడికి కళ్లు పోయాయని, కోట కూలిందని చెప్పే కథలు నమ్మనక్కరలేదు. మరుసటి ఫాల్గుణంలో దిబ్బల కోసం డప్పు మోగలేదు. జరిగింది అంతే, అది చాలు.

నేటికీ ఉగాది నాడు భక్తులు తమ ఇంటినుంచో, దారిలోని ఏ కొట్టంనుంచో గంపెడు ఎరువు నెత్తిన పెట్టుకుని వస్తారు. ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు, హుండీ లేదు. బండిలో తెచ్చిన ఎరువు అమ్మకు చెల్లదు. భూమి చేజారుతుందని భయపడేవారు, నోరు విప్పలేక నలిగిపోతున్నవారు, అత్తింట మాట చెల్లని కోడళ్లు ఎక్కువగా వస్తుంటారు. వారికి మేలు జరిగిందని చెప్పేవారు ఏటా కనిపిస్తారు.

గట్టు మొదట్లో హనుమన్న వంశీకుడు దారికడ్డంగా కర్ర పట్టుకుని, "దించు!" అని గద్దిస్తాడు. భక్తులు "దించను" అని చెప్పి ముందుకు నడవాలి. మొదటిసారి వచ్చినవారికి గొంతు పెగలదు. కొందరు నవ్వుతారు, కొందరు కళ్లు దించుకుంటారు. ఆయన కర్ర తీయడు. మళ్లీ గద్దిస్తాడు. వెనక వరుస ఎంత పెరిగినా సరే, ఆ మాట నిండుగా వినిపించేదాకా ఒక్కరిని కూడా ముందుకు వదలడు. ఇంటికి వెళ్లాక ఆ మాట ఎక్కడ, ఎవరితో అనాలో అమ్మ చెప్పదు. అది అనవలసినవారికే తెలుసు.