కనుమ దాటిన వాన

“విడివిడిగా ఏ ఊళ్లోనూ నిజం కాని మాట, రెండూళ్లనూ కలిపితే నిజమెలా అవుతుంది గురువుగారూ?” అని అడిగాడు ఉరుకుందప్ప.

అతను వాతావరణ కార్యాలయంలో ఉద్యోగి. నెల తిరిగేసరికి ఆ ప్రాంతపు ఎండనూ వాననూ మామూలుతో పోల్చి నివేదిక తయారు చేయడం అతని పని. ఆ నెల తూర్పు పల్లెలు వరదలో నానాయి. పడమటి పల్లెల్లో వేసిన విత్తనం వేసినట్టే మాడిపోయింది. ఒకవైపు ముసురు, మరోవైపు వడగాలి. అన్నీ కూడి భాగిస్తే ఉష్ణోగ్రత సాధారణం, వర్షపాతం సాధారణం అని తేలింది. ఆ మాట కింద సంతకం పెట్టి, తిన్నగా కొండమీది మఠానికి వచ్చేశాడు. ఉద్యోగం వదిలేస్తానన్నాడు.

మఠం గురువు చిదానందయ్యగారికి వాదించే అలవాటు లేదు. ఎవరేమడిగినా తాను చూసిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. ఆ రోజు మాత్రం చెబుతూ చెబుతూ లేచి నిలబడ్డారు. చేతులు తిప్పారు. ఒకచోట కేక కూడా వేశారు. విన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆయన పడుచువాడుగా కోనాపురంలో ఉన్న రోజులవి. కొండకు తూర్పున కోనాపురం, పడమట సుద్దపల్లె, నడుమ చిన్న కనుమ. కోనాపురం చెరువు నిండాక మిగిలిన నీళ్లు కనుమలోని కాలువ వెంట సుద్దపల్లె చేలకు పారేవి. ఒక కరువు సంవత్సరం కోనాపురం పెద్ద నాగలింగప్ప ఆ కాలువలో రాళ్లూ మట్టీ పోయించి పూడ్పించాడు. సుద్దపల్లె వాళ్లు వచ్చి మొత్తుకుంటే, “మీ మబ్బును మీరు పిలుచుకోండి” అన్నాడు. అంతటితో రెండూళ్లకూ మాటలు పోయాయి. పిల్లనిచ్చి పుచ్చుకోవడాలూ పోయాయి.

తర్వాత కొన్నేళ్లకు ఒక శ్రావణంలో వాన కొండ దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. గీతకు ఇవతల కోనాపురంలో తెరిపి లేదు. చెరువు అంచుదాకా నిండి, మిగులు నీరు పోయే మరవ హోరెత్తి, కట్ట అక్కడక్కడా కారడం మొదలుపెట్టింది. ఊరంతా ఆ కట్ట కిందే ఉంది. గీతకు అవతల సుద్దపల్లెలో వేరుశనగ వాడి నేలకంటుకుంది.

ఒక మధ్యాహ్నం సుద్దపల్లె దారిలో దుమ్ము లేచింది. ఆ దుమ్ములో ఒక మనిషి పరుగెత్తుకొస్తున్నాడు. అతని తలనుంచి నీళ్లు కారుతున్నాయి. పంచె ఒంటికి అతుక్కుపోయింది. తడిసిన మనిషిని చూసి ఎన్నాళ్లయిందో, జనం ఇళ్లలోంచి బయటికొచ్చి వింతగా చూశారు. దగ్గరికొచ్చాక గుర్తుపట్టారు, నాగలింగప్ప!

“కట్ట పొద్దుగూకేదాకా ఆగదు. కనుమ తవ్వాల. మా మనుషులు చాలరు” అన్నాడు రొప్పుతూ. “పూడ్చినోణ్ణి నేనే. అడుగుతుండేదీ నేనే. రాండి.”

“మీ మబ్బును మీరే సాగనంపుకోండి పెద్దాయనా” అన్నాడొకడు. కొందరు నవ్వారు.

హంపమ్మ నవ్వలేదు. మొగుడు పోయాక ఒంటిచేత్తో సేద్యం చేసుకుంటున్న మనిషి ఆమె. కాలువ పూడ్చిన సంవత్సరమే కన్నబిడ్డల్లాంటి ఎద్దుల్ని సంతకు తోలి అమ్ముకుంది. నాగలింగప్పను ఎగాదిగా చూసి, వెనక్కి తిరిగి అరిచింది. “ఈయన్ని తిట్టేదానికి రేపుంది. నీళ్లకు రేపు లేదు. పారలు తియ్యండ్రా!”

ఊరు ఊరంతా కదిలింది. కనుమకు అటు సుద్దపల్లె, ఇటు కోనాపురం. అటు నేల గడ్డపారకు నిప్పురవ్వలు రాల్చింది, ఇటు బురద పారను వదలనంది. ఇటువైపు తవ్వేవాళ్లలో మన గురువుగారూ ఉన్నారు. కట్ట మీదనుంచి ఒకడు పరుగెత్తుకొచ్చి, కారే చోట మనిషి చెయ్యి దూరేంత సందు పడిందన్నాడు. ఆ మాటతో అందరి చేతులకూ ఊపు రెట్టింపయింది. అప్పుడు మట్టి అవతలనుంచి గడ్డపార దెబ్బ వినబడింది. “అదుగో, వాళ్లు! వచ్చేశారు!” అని ఎవరో వెర్రికేక వేశారు. గురువుగారు కేక వేసింది ఇక్కడే.

ఆఖరికి ఒక బండ మిగిలింది. దానికి మోకులు కట్టి సుద్దపల్లె వాళ్లు లాగారు, కోనాపురం వాళ్లు భుజాలు ఆనించి నెట్టారు. నాగలింగప్ప అరచేతులు చిట్లి రక్తం కారుతున్నా భుజం తియ్యలేదు. “ఇంకొక్క పట్టు!” అని హంపమ్మ అరుస్తోంది. బండ కదిలింది, ఒరిగింది, దొర్లింది. నీళ్లు నురుగు కక్కుతూ మోకులు పట్టినవాళ్ల మధ్యనుంచే దూకాయి. పడినవాళ్లు లేవకుండా ఆ నీళ్లలోనే దొర్లుతూ నవ్వారు. ముసలివాళ్లు ఈలలు వేశారు. ఎండిన కాలువలో ఎర్రటి నీటి వెంట ఆడా మగా పరుగెత్తారు. పొద్దు వాలేసరికి చెరువు మట్టం తగ్గి, కట్ట నిలిచింది. సుద్దపల్లెలో అప్పటికే చచ్చిన చేను చచ్చింది. బతికున్నది బతికింది.

మర్నాడు హంపమ్మ నాగలింగప్పను కాలువ గట్టుమీద నిలబెట్టి కడుపారా తిట్టింది. అతను తల వంచుకుని ఆసాంతం విన్నాడు. అంతా అయ్యాక ఆమే చెంబుతో నీళ్లు తెచ్చి చేతికిచ్చింది.

గురువుగారు చెప్పడం ఆపారు. ఆయన ఇంకా రొప్పుతూనే ఉన్నారు. ఉరుకుందప్ప కాస్త ముందుకు జరిగాడు. “మరి ఆ నెలకు ఏమని రాశారు గురువుగారూ?”

“నీలాంటివాడే ఎవరో, సాధారణమనే రాశాడు నాయనా” అన్నారు ఆయన, మెల్లగా కూర్చుంటూ. “అది నిజమే అయింది. నిజం చేసింది మాత్రం వాన కాదు.”